ఏడో వారం వెలుగు

వకుళ తన జీవితంలో సముద్రాన్ని నాలుగుసార్లు చూసింది. పగడపు దిబ్బను మాత్రం నల్లబల్ల మీదే చూసింది, అదీ తాను గీసిందే.

తిరుపతిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆమె ముప్పై ఒక్కేళ్లు జంతుశాస్త్రం చెప్పింది. ఏటా ఆగస్టులో పగడాల పాఠం వచ్చేది. ఆ రోజు ఇంటి నుంచి ఒక మాత్రల డబ్బా నిండా రంగు సుద్దముక్కలు పట్టుకెళ్లేది. బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా కొమ్మలు, గిన్నెలు, మెదడు మడతలు, వాటి మీద నోళ్లు తెరుచుకున్న చిన్న చిన్న జీవాలు గీసేది. గంట కొట్టాక కూడా చెరిపేది కాదు. తరువాతి క్లాసుకు వచ్చే కెమిస్ట్రీ ఆమెతో, "రొంతసేపు ఉండనీ తల్లీ, పిల్లోళ్లు ఇంకా గీసుకుంటాండారు" అని చెప్పి బయటికి వచ్చేది. పాపం ఆ కెమిస్ట్రీ ఆమె పగడాల చుట్టూ మిగిలిన ఖాళీలో సమీకరణాలు రాసుకునేది.

ఇవన్నీ ఆమె తమ్ముడు రంగరాజుకు తెలుసు. అక్క పగడాల్ని బల్ల మీద తప్ప చూడలేకపోవడానికి కారణం తానేనని కూడా తెలుసు.

వకుళ డిగ్రీ ఆఖరి ఏట కాలేజీ వాళ్లు పిల్లల్ని రామేశ్వరం దగ్గరి మండపం ఊరికి తీసుకుపోయారు. అక్కడ పడవలో ఎక్కించి, నీళ్లలోకి చూపించి, ఇవే పగడాలని చెబుతారట. అప్పటికి వాళ్లమ్మ పోయి రెండేళ్లు. నాయన కొండమీద ప్రసాదాలు వండే పోటులో పనిచేస్తూ వారానికొకసారి కిందికి దిగేవాడు. వకుళ సంచి సర్దుకుని బస్సెక్కింది. సీట్లో కూర్చున్నాక, బయలుదేరేటప్పుడు తమ్ముడి కళ్లు పచ్చగా కనిపించాయని గుర్తొచ్చింది. దిగిపోయింది. పద్నాలుగేళ్ల రంగరాజుకు పచ్చకామెర్లు. ఇరవై రోజులు నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించింది, ఉప్పూ నూనె లేని అన్నం తినిపించింది. అతను కళ్లనీళ్లు పెట్టుకుని, "నా వల్ల నువ్వు పోలేదు గదక్కా" అంటే నవ్వింది.

"యాడికి పోతాయిలేరా అవి. సముద్రంలోనే ఉంటాయి గదా."

ఆ తరువాత ఆమె పోనే లేదు. ఉద్యోగం, తమ్ముడి చదువు, నాయన పక్షవాతం, తమ్ముడి పెళ్లి. ఎవరైనా ఆమె పెళ్లి మాట ఎత్తితే గడియారం చూసుకుని, "క్లాసుకు టైమయింది" అని లేచేది. ఆదివారం కూడా ఆ మాటే అనేది.

రంగరాజుకు కొండమీద క్యూ గదుల దగ్గర ఉద్యోగం వచ్చింది. భక్తులు గదుల్లో కూర్చుని ఉంటారు. ఫలానా గది వదలమని పైనుంచి ఆర్డరు వస్తుంది. అప్పుడు తాళం తీయాలి. ముప్పై రెండేళ్లలో అతను ఒక్కనాడు కూడా ఆర్డరు రాకముందు తలుపు తీయలేదు. కటకటాల అవతల ముసలివాళ్లు చేతులు జోడించేవాళ్లు. తల్లులు చంటిబిడ్డల్ని ఎత్తి చూపించేవాళ్లు. "ఒక్క నిమిషం సామీ" అనేవాళ్లు. అతను కసురుకునేవాడు కాదు. "వేళయితే నేనే తీస్తానమ్మా. వేళ గాకుండా తీస్తే ముందర గదోళ్లకు అన్యాయం గదా" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు బ్రేకు దర్శనానికి పక్క గేటు తీయడం కూడా అదే ఉద్యోగంలో భాగం. దానికీ కాగితం మీద ఆర్డరు ఉండేది కాబట్టి ఎన్నడూ అతని మనసుకు ఏమీ అనిపించలేదు.

అతను రిటైరయ్యే నాటికి వకుళ బైరాగిపట్టెడలో వాళ్లింట్లోనే ఉంటోంది. ఇరవై ఏళ్ల చక్కెర జబ్బు ఆమె కళ్లలోకి దిగింది. కుడికన్ను ముందటి ఏడాదే పోయింది. ఎడమ కంటి వెనక సన్నటి రక్తనాళాలు పెళుసైపోయాయని, ఎప్పుడు చిట్లుతాయో తమకే తెలియదని డాక్టరు చెప్పాడు. నెలకొక సూది వేస్తున్నారు. మంచి వెలుతురుంటే పేపర్లో పెద్ద అక్షరాలు చదివేది. వెలుతురు తగ్గితే ఎదురుగా ఉన్న మనిషిని గొంతును బట్టి పోల్చుకునేది.

ఆ ఒక్క కన్ను ఉండగానే ఆమెకు పగడాలు చూపించాలని రంగరాజు నిశ్చయించుకున్నాడు. మండపం తీసుకుపోదామంటే, పడవలో కుదుపులకు కంట్లో నరం చిట్లితే ఎట్లా అన్నారు డాక్టర్లు. అందుకని సముద్రాన్నే ఇంటికి తెప్పించే పనిలో పడ్డాడు.

రేణిగుంట రోడ్డులో అక్వేరియంలు చేసే జయరావు దగ్గరికి పోయాడు. జయరావు చెన్నై కొళత్తూరులో పని నేర్చుకున్నవాడు. చేతుల నిండా అద్దాలు కోసుకున్న మచ్చలు. వచ్చి హాలు కొలిచాడు, నేల మీద కాలితో తట్టి చూశాడు.

"ఆరడుగుల తొట్టి సార్. నీళ్లు, రాళ్లు, అద్దం అంతా కలిపి టన్ను దాకా వస్తాది. కింది ఇల్లు గాబట్టి సరిపోయింది. మిద్దె మీదయితే నేను కాలు పెట్టను."

"పగడాలు యాణ్ణుంచి తెస్తావప్పా?" అని వకుళ మంచం మీద నుంచే అడిగింది.

"పెంచుతారమ్మా తొట్టిల్లోనే. చిన్న ముక్కలు అంటుకట్టినట్టు కట్టి పెంచుతారు."

"కాగితం ఉండల్ల. సముద్రంలో విరిచిందయితే నా ఇంట్లోకి తేవద్దు."

"కాగితం సూపించినాకనే గుమ్మం దాటిస్తా, టీచరమ్మా."

ఎనిమిది మంది మోకులేసి తొట్టిని లోపలికి తెచ్చారు. ఇనుప స్టాండు మీద రసమట్టంతో మూడుసార్లు చూసి కూర్చోబెట్టారు. నీలం రంగు డ్రమ్ముల్లో ఫిల్టరు నీళ్లు పోసి, సంచుల కొద్దీ ఉప్పుపొడి కలిపి, ఒక చుక్క గొట్టంలో వేసి వెలుగుకెత్తి ఉప్పు కొలిచారు. తిరుపతి ఎండలకు నీళ్లు కాగిపోకుండా చిల్లర్, కరెంటు పోతే ఇన్వర్టర్. పెద్ద పెద్ద చిల్లుల రాళ్లను గుట్టలా పేర్చారు. ఇక నెలన్నర ఏమీ వేయకూడదన్నాడు జయరావు.

"నీళ్లు పండల్ల సార్. పచ్చినీళ్లలో ఏదేసినా సచ్చిపోతాది."

రంగరాజు భార్య కల్యాణవల్లికి అప్పటికే ఒళ్లు మండుతోంది. "చూస్తివా వదినా, మీ తమ్ముడు రాళ్లు నానబెట్టుకోని కూర్చున్నాడు. అదే మినపప్పు నానబెట్టింటే ఇడ్లీలన్నా వచ్చేవి. చేపలకు ఏసీ అంట, నాకు వంటింట్లో ఫ్యాను కూడా లేదు. పగడమంటే ఉంగరంలో ఉంటాదనుకుంటిమి గానీ..."

వకుళ నవ్వలేక కన్ను పట్టుకునేది.

నీళ్లు పండాయి. ఒక శుక్రవారం జయరావు ఇరవై రెండు పగడపు ముక్కలు తెచ్చి రాళ్లకు జిగురుతో అంటించాడు. పైన కప్పు నుంచి తీగలతో మూడు లైట్లు వేలాడదీశాడు. వాటిని ఫోనుతో తిప్పవచ్చు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

"లైటే ప్రాణం సార్ వీటికి. అదే యముడు గూడా. కొత్త సోటికి వచ్చినాయి గదా, ఒకేసారి ఎక్కువ పెడితే రంగు పోయి తెల్లగా పాలిపోతాయి. మొదటి వారం పది శాతం. వారానికి పది పెంచండి. ఏడో వారానికి డెబ్బై. అదే నిండు వెలుగు. అది దాటద్దు. పొద్దున పదకొండుకు ఎలగల్ల, సాయంత్రం ఏడుకు ఆరిపోవల్ల. అన్నీ ఫోన్లో పెట్టినా."

రంగరాజు ఒక నోటు పుస్తకం తెచ్చి అంతా రాసుకున్నాడు. రాసుకుంటుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. రిటైరయిన తరువాత మళ్లీ ఒక ఆర్డరు, ఒక వేళ, చేతిలో ఒక తాళం.

పది శాతం వెలుగంటే నీలపు చీకటి. మంచి కళ్లున్నవాళ్లకు అందులో ఏవో కదులుతున్నట్టు తెలిసేది. వకుళను కుర్చీలో కూర్చోబెట్టి తొట్టి ముందుకు జరిపారు. ఆమె మెడ ముందుకు చాపి, తల ఒక పక్కకు వంచి, ఎడమ కంటిని అద్దానికి ఆనించింది. చాలాసేపు చూసింది.

"వంకాయ రంగు కనిపిస్తాంది రంగా. అంతే."

"మొదటి వారం గదక్కా."

"ఒక్క నిమిషం పెద్ద లైటు వెయ్యరా. ఒక్క నిమిషం చూసేస్తా."

"అయ్యో, పాలిపోతాయంటక్కా. వేళయితే నేనే వేస్తా గదా."

ఆ మాట తన నోట్లోంచి ఎంత అలవాటుగా వచ్చిందో అప్పుడతను గమనించలేదు. వకుళ గమనించినట్టుంది. తమ్ముడి వైపు తిరిగి, గొంతు వచ్చిన చోటికి చూసి, "సరే సామీ" అంది.

రెండో వారం ఇంకోసారి అడిగింది. అప్పుడూ అదే జవాబు. కల్యాణవల్లి వంటింట్లో నుంచి, "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడు వదినా, నువ్వు ఇట్ల వచ్చి చిక్కుడుకాయలు వల్చు" అని కేకేసింది.

మూడో వారం బుధవారం వకుళను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. చుక్కల మందు వేసి, సూది వేసి పంపించారు. మందు వేసిన రోజు వెలుతురు గుచ్చుకుంటుంది, ఏమీ ఆనదు. ఆమె పక్క గదిలో కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంది.

సాయంత్రం నాలుగింటికి చెప్పా చెయ్యకుండా త్రివిక్రమ్ గారు భార్యతో వచ్చాడు. ఆయన రంగరాజు పై అధికారిగా పనిచేసి రిటైరయినవాడు. ఊళ్లో ఎవరో ఈ తొట్టి సంగతి చెప్పారట. రంగరాజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఎదురెళ్లాడు. ఉద్యోగం పోయినా నడుము వంగడం పోలేదు.

ఆయన తొట్టి ముందు నిలబడి కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపాడు.

"ఏమయ్యా రంగరాజూ, ఇందులో ఏముందో నాకైతే కనపడటం లేదు. మాకు కూడా సర్వదర్శనమేనా? బ్రేకు లేదా?"

ఆయన భార్య నవ్వింది. రంగరాజూ నవ్వాడు. నవ్వుతూనే ఫోను తీశాడు, వేలు పెట్టి ముప్పై దగ్గరున్న గీతను డెబ్బైకి లాగాడు.

హాలంతా ఒక్కసారి తెల్లబడింది. రాళ్ల గుట్ట మీద పచ్చ, గులాబీ, గంధం రంగు, ఏమని చెప్పాలో తెలియని ఇంకో రంగు. నీళ్ల మీది అలల నీడలు గోడల మీద పాకాయి. త్రివిక్రమ్ గారి భార్య "అమ్మమ్మమ్మ!" అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఓహో, ఇదన్నమాట! రంగరాజూ, వైకుంఠమయ్యా ఇది!" అన్నాడు గట్టిగా. ఫోటోలు తీసుకున్నారు. కాఫీ తాగారు. పది నిమిషాలు.

వాళ్ల కారు వీధి తిరిగాక రంగరాజు గీతను ముప్పైకి దించాడు. అప్పుడు భయం పట్టుకుంది. జయరావుకు ఫోను చేశాడు. "డెబ్బై పెట్టినానప్పా, పది నిమిషాలు. ఏమైనా అవుతాదా?"

జయరావు అవతల పకపకా నవ్వాడు. "పది నిమిషాలకు సస్తాయా సార్! సముద్రంలో మబ్బు తొలిగితే ఎండ రాదా? నేను సెప్పింది దినమంతా పెట్టొద్దని. గంటసేపు పెట్టినా ఏం గాదు పోండి."

ఫోను పెట్టేసి రంగరాజు అట్లాగే నిలబడ్డాడు. ఒక్క నిమిషమని అక్క రెండుసార్లు అడిగింది.

దీపాలు పెట్టే వేళకు ఆమెకు కాఫీ ఇవ్వడానికి గదిలోకి వెళ్లాడు. తడిగుడ్డ తీయకుండానే ఆమె చెయ్యి చాపి గ్లాసు అందుకుంది.

"బ్రేకు దర్శనం బాగ జరిగిందా రంగా?"

"అక్కా, వాళ్లు అడిగితే... పది నిమిషాలే... ఇప్పుడు రా అక్కా, నీకూ వేస్తా, రా."

"ఈ పొద్దు యాడ కనిపిస్తాదిరా, చుక్కల మందు పోసినారు గదా. నేను ధర్మదర్శనం లైన్లోదాన్నిలే. నిమ్మళంగానే రానీ." ఒక గుక్క తాగింది. "కాఫీలో చక్కెర వేసినావు, దొంగనాకొడకా. ఆయన గ్లాసు నాకిచ్చినట్టుండావే."

కోపం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే అతనికి కొంత సులువుగా ఉండేది.

ఆ తెల్లవారి లేచి లైటు వేసేస్తే సరిపోయేది. కానీ తప్పు చేసినవాడికి చిన్నగా దిద్దుకోవడం చేతకాదు. ఊరికే అట్లా కుర్చీ లాగి చూపించేస్తే, నిన్నటి అధికారికి వేసి పెట్టిన ఎంగిలి ఆమెకు పెట్టినట్టుంటుందని రంగరాజుకు అనిపించింది. పంచాంగం తీశాడు. తొమ్మిదో రోజున శ్రవణం. అక్క జన్మ నక్షత్రం. ఆ రోజు పొద్దున స్నానం చేయించి, చక్కెర తగ్గించి పొంగలి వండించి, పదకొండు గంటలకు తొట్టి ముందు కూర్చోబెట్టి నిండు వెలుగు వేయాలి. గంటసేపు. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న స్రవంతిని కూడా రహస్యంగా రమ్మన్నాడు. కల్యాణవల్లికి సైతం చెప్పలేదు, చెబితే నోట్లో నువ్వుగింజ నానదని.

సూది వేసిన మూడో రోజు పొద్దున వకుళ హాల్లోకి వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "ఈ పొద్దు కన్ను రొంత తేటగా ఉండాదిరా. కొండ కనిపిస్తాంది. కొండ మీద మబ్బు గూడా" అంది.

అది అడగడమేనని అతనికి అర్థమైంది. అర్థమైనా లోపల దాచుకున్న శ్రవణం గుర్తొచ్చి మురిసిపోయాడు. "రవ్వంత ఓపిక పట్టక్కా" అన్నాడు.

"పట్టినాను గదరా నలభై ఆరేండ్లు" అంది ఆమె, కొండనే చూస్తూ.

శ్రవణం ఇంకా రెండు రోజులుందనగా, బుధవారం పొద్దున, పేపరు చేతిలో పట్టుకుని వకుళ పిలిచింది. గొంతులో తొందర లేదు. క్లాసులో బుద్ధిమంతురాలైన పిల్లను పిలిచినట్టు పిలిచింది.

"రంగా, ఇట్ల రా. నా కంట్లో సిరా ఒలికిందిరా."

చెన్నై తీసుకుపోయారు. కంటి లోపలంతా రక్తం నిండిందన్నారు. ఆపరేషన్ చేశారు. వెనక పొర కూడా ఊడిపోయిందన్నారు. రెండు వారాల లోపలే తిరిగొచ్చారు. దీపం వెలిగిస్తే వెలిగించారని, ఆర్పితే ఆర్పారని తెలుస్తుంది, అంతే.

ఈ రెండు వారాల్లోనూ తొట్టి లైటు వారానికి పది చొప్పున పెరిగింది. ఫోన్లో పెట్టింది కాబట్టి ఎవరూ చూడకపోయినా పెరిగింది. వాళ్లు తిరిగొచ్చిన మూడు రోజులకు ఏడో వారం. పదకొండు గంటలకు డెబ్బై.

వకుళ తానే గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. "వచ్చిందా నిండు వెలుగు?"

"వచ్చిందక్కా."

అద్దం మీద అరచెయ్యి పెట్టింది. "చల్లగా ఉండాది. ఏముండాదో చెప్పు."

"పచ్చగా... ఉండాయక్కా. గులాబీ రంగుగా..."

"రంగులు ఎవురికి కావల్ల. నోళ్లు తెరుచుకోనుండాయా, మూసుకోనుండాయా?"

అతను వంగి చూశాడు. అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఇన్నాళ్లూ అతను ఉప్పు చూశాడు, వేడి చూశాడు, శాతం చూశాడు. రాతి మీద గుండీలంత పచ్చటి జీవాలు, ఒక్కొక్కదాని అంచున వెంట్రుకల్లాంటివి, నడుమ చిన్న గీత. అన్నీ విప్పారి ఉన్నాయి.

"తెరుచుకోనుండాయి."

"అబద్ధం చెప్పొద్దు. పగలు మూసుకుంటాయి, పొద్దు గూకినాక తెరుస్తాయి."

"లేదక్కా, నీ మీదొట్టు. పువ్వుల మాదిరి తెరుచుకోనుండాయి. వెంట్రుకలు కదులుతాండాయి."

వకుళ భుజాలు కదిలేలా నవ్వింది. "చూడరా! ముప్పై ఒక్కేండ్లు పిల్లోళ్లకు రాత్రిపూటే తెరుస్తాయని చెప్తిని. పగలు తెరిచేవి గూడా ఉంటాయన్నమాట. ఎంతమందికి అర మార్కు కోసినానో తల్లీ." నవ్వు ఆగాక అద్దం మీద చెయ్యి అట్లాగే ఉంచి, "ఊఁ, చెప్పు. గీత నడుమనుండాదా, ఒక పక్కకా?" అంది.

ఇక రోజూ అదే. పదకొండు నుంచి ఒంటిగంట దాకా అతను చూసి చెప్పడం, ఆమె వినడం, ఆమె అడగడం, అతను మళ్లీ వంగి చూడటం. అతనికి మాటలు రాకపోతే ఆమె అందించేది. ప్రతి రోజూ ఏదో ఒకచోట ఆ మాట అతని నోటి దాకా వచ్చేది: అక్కా, శ్రవణం నాడు వేద్దామనుకున్నాను, దాచిపెట్టుకున్నాను, రెండు రోజుల్లో పోయింది. చెబితే తనకు బరువు తగ్గుతుంది, ఆమెకు పెరుగుతుంది. ఆ లెక్క కూడా నిజమో, పిరికితనమో అతనికి తెలియలేదు. చెప్పలేదు. ఆమె అడగలేదు.

నాలుగు నెలలకు మూత్రపిండాలు కూడా చేతులెత్తేశాయి. కార్తీకంలో, మధ్యాహ్నం నిద్రలో, వకుళ పోయింది. అరవై ఆరేళ్లు. దినాలకు ఆమె దగ్గర చదివిన ఆడపిల్లలు, ఇప్పుడు జుట్టు నెరిసినవాళ్లు, చాలామంది వచ్చారు. వాళ్లలో ఎవరో తొట్టి ముందు నిలబడి, "అచ్చం మేడమ్ గీసినట్టే ఉండాయి" అన్నారు. రంగరాజు పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

తొట్టిని ఏం చేయాలో అతనికి తోచలేదు. అమ్మేద్దామంటే చేతులు రాలేదు. ఉంచుదామంటే పదకొండు గంటలకు వెలుగు వచ్చినప్పుడల్లా కుర్చీ ఖాళీగా కనిపించేది. నీళ్లు మారుస్తూ, ఉప్పు కొలుస్తూ ఉన్నాడు. వేళ మాత్రం మార్చలేదు.

ఇంట్లో ఊడ్చి తుడిచే అక్కమ్మ పొద్దున ఆరున్నరకు వస్తుంది, ఎనిమిదికి పోతుంది. ఇంకో మూడిళ్లున్నాయి ఆమెకు. వకుళ మాసికం గడిచిన తరువాత ఒకరోజు పొద్దున, ఏడింటప్పుడు, తొట్టి స్టాండు కింద తుడుస్తూ తల పైకెత్తి చూసింది. లోపల చీకటి. తన ముఖమే కనిపించినట్టుంది, కొంగుతో నుదురు తుడుచుకుంది.

"సామీ, ఏమనుకోవద్దు. దీంట్లో లైటు ఎట్లుంటాదో నేనెప్పుడూ సూడలే. ఒకతూరి ఏస్తారా?"

"పదకొండుకు..." అని మొదలుపెట్టాడు రంగరాజు. ఎనిమిది నెలలుగా ఈమె ఈ తొట్టి చుట్టూ రోజూ తుడుస్తోంది. దాని ఉప్పు మరకలు ఈమే కడుగుతోంది. ఒక్కసారి చూస్తావా అని తాను అడగలేదు.

ఫోను తీశాడు. గీతను డెబ్బైకి లాగాడు.

అక్కమ్మ తుడిచే గుడ్డ చేతిలో పట్టుకునే లేచి నిలబడింది. రెప్ప వాల్చకుండా చూసింది.

"అబ్బ! అంగట్లో జాకెట్టు గుడ్డలు పరిసినట్టుండాదే!" ఇంకాస్త ముందుకు వంగింది. వేలు పెట్టి చూపించింది. "ఇది మెదడు గదా? మడతలు మడతలుగా... ఇది గిన్నె. ఇవి గుండీలు. ఇప్పుడు మూసుకోని పండుకోనుండాయి సామీ, పొద్దెక్కినాక తెరుస్తాయి. రాత్రిపూటే తెరుస్తాయని పుస్తకంలో ఉంటాదంట గానీ అది అన్నిటికీ గాదంట."

"నీకెవరు చెప్పినారు అక్కమ్మా?"

"టీచరమ్మే. నేను ఈడ తుడుస్తాంటే దినామూ సెప్పేది. మా తమ్ముడు సూసి నాకు సెప్తాడు, నేను నీకు సెప్తా, ఇనుకో అనేది. ఆయమ్మ సెప్పినట్టే ఉండాది. ఏం మారలే."

రంగరాజు స్టాండు అంచు పట్టుకున్నాడు.

"ఇంక ఆర్పేయండి సామీ, పాపం నిద్దర లేస్తాయి" అని అక్కమ్మ గుడ్డ బకెట్లో పిండుకుని వంటింటి వైపు పోయింది. అక్కడ కల్యాణవల్లితో పాల ప్యాకెట్ల సంగతేదో మాట్లాడుతోంది.

నిమిషం కూడా పట్టలేదు. అడగడం, వేయడం, చూడటం, ఆర్పడం, అంతా కలిపి.

ఆ రోజు రంగరాజు కుర్చీ లాక్కుని తొట్టి ముందే కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే తరువాత అన్నాడు. పదకొండుకు లైటు దానంతట అదే వచ్చింది. గుండీలు ఒక్కొక్కటే విప్పారాయి. ఎక్కడైనా తెల్లబడిందేమోనని ఒక్కొక్క ముక్కనూ, ఒక్కొక్క కొమ్మనూ, సాయంత్రం ఏడింటికి వెలుగు ఆరిపోయే దాకా వంగి వంగి వెతికాడు.

దేనికీ ఏమీ కాలేదు.